ఒకేసారి ముగ్గురు మీదికొస్తే: ఐకిడోలో రందోరి సాధన మెట్టు మెట్టుగా

జపాన్ యుద్ధ కళ ఐకిడోలో చేరి కొన్ని నెలలు గడిచాక దాదాపు ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది: "ఒక్కడైతే సరే, నలుగురు చుట్టుముడితే ఏం చేయాలి?" దీనికోసం ప్రత్యేకంగా ఏదో టెక్నిక్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేం లేదు. మీకు తెలిసిన అడుగులు, త్రోలే (ఎదుటివారిని పడేసే పద్ధతులే) ఇక్కడా పనికొస్తాయి. కాకపోతే వాటిలో సగానికి పైగా పక్కన పెట్టేయాలి. మిగిలినవాటిని వేరే క్రమంలో, ముందు కాళ్లతో, తర్వాత చేతులతో నేర్చుకోవాలి.

ఈ వ్యాసంలో దాడి చేసేవారిని ఉకే అని, ఎదుర్కొనేవారిని నాగే అని రాస్తున్నాను. చాలామందితో స్వేచ్ఛగా చేసే సాధన రందోరి.

1. ముందు మీరు సిద్ధంగా ఉన్నారో లేదో చూసుకోండి

ఐకిడో సంస్థ ఐకికైకి టోక్యోలో ఉన్న ప్రధాన డోజో (సాధన శాల) హోంబు. ఆ పద్ధతిలో జరిగే ఐకికై పరీక్షల్లో ఇద్దరిని ఎదుర్కోవడం రెండో డాన్‌కు (బ్లాక్ బెల్ట్‌లో రెండో స్థాయికి) అడుగుతారు. అంతకంటే ఎక్కువమందితో చేసేది మూడో డాన్‌కు. అంటే బ్లాక్ బెల్ట్ వచ్చిన తర్వాత కూడా దీనికి కొన్నేళ్ల సాధన కావాలని వాళ్ల లెక్క.

అలాగని అప్పటిదాకా ఆగాల్సిన పనిలేదు. నడక డ్రిల్స్ (4, 5 మెట్లు) మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టొచ్చు. త్రోలు కలిసే మెట్లకు మాత్రం కింది అర్హతలు ఉండాలి.

- ముందుకు దొర్లడం, వెనక్కి పడటం రెండు వైపులా భయం లేకుండా వచ్చి ఉండాలి.
- ఇరిమి (దాడి గీత నుంచి తప్పుకుని పక్కగా లోపలికి దూరే అడుగు), తెన్‌కాన్ (ముందు పాదం మీద వెనక్కి తిరిగే అడుగు) ఆలోచించకుండా పడాలి.
- ఇరిమి-నాగే, కోక్యూ-నాగే అనే త్రోలు (7వ మెట్టులో వివరించాను; టెక్నిక్ పేరు చివర "నాగే" అంటే పడేయడం) ఒకరితో మామూలు వేగంలో చేయగలగాలి.
- మెడ, మోకాలు, భుజాల్లో పాత దెబ్బ ఉంటే డాక్టర్‌ను అడిగాకే దిగాలి.

యూట్యూబ్ చూసి, శిక్షకుడు లేకుండా స్నేహితులతో త్రోలు ప్రయత్నించకండి. నడక డ్రిల్స్ వరకు ఫర్వాలేదు.

2. చోటు, మనుషులు, నియమాలు

జూడో పోటీల్లో ఇద్దరు తలపడటానికే కనీసం 8×8 మీటర్ల బరి ఇస్తారు. మీరు ముగ్గురు ఉకేలతో చేయాలనుకుంటే ఎంత చోటు కావాలో దాన్నిబట్టి ఊహించుకోండి. హాలు చిన్నదైతే ఉకేల సంఖ్య తగ్గించండి, వేగం కూడా తగ్గించండి.

మన దగ్గర చాలా క్లాసులు జిగ్‌సా మ్యాట్ల మీదే జరుగుతాయి. వాటి అతుకులు రందోరిలో తొందరగా విడిపోతాయి, ఆ సందులో కాలివేలు ఇరుక్కుంటుంది. ప్రతి రౌండ్ తర్వాత ఎవరో ఒకరు అతుకులు చూసుకోవాలి. డాబా మీద పలుచటి మ్యాట్లు పరిచి చేయడం అస్సలు వద్దు. కింద కాంక్రీటు, పక్కన పిట్టగోడ.

క్లాసు మొదలయ్యే ముందు:

- గోళ్లు కత్తిరించుకోవాలి, కాళ్లవి కూడా.
- గాజులు, ఉంగరాలు, కడియాలు, మెడలో గొలుసులు తీసేయాలి. తీయలేనిది ఉంటే టేపుతో గట్టిగా అంటించాలి.
- కళ్లజోడు తీసేయాలి. తీస్తే కనపడని వాళ్లు స్పోర్ట్స్ కళ్లజోడు వాడాలి.
- స్తంభాలు, గోడ మూలలు, బ్యాగులు, నీళ్ల సీసాలు మ్యాట్‌కు దూరంగా ఉండాలి.
- "ఆపు" అని ఎవరు అరిచినా అందరూ ఉన్నచోటే ఆగాలి. ఉకే అయినా, నాగే అయినా, గట్టున కూర్చున్నవాళ్లయినా అరవొచ్చు.
- రౌండ్‌ను బయటి నుంచి చూసే మనిషి ఒకరు ఉండాలి. టైమ్ చూడటం, గోడ దగ్గరికి వెళ్తుంటే హెచ్చరించడం వారి పని.

3. పడటం, వెంటనే లేవడం

ఈ సాధనలో ఎక్కువ దెబ్బలు తగిలేది ఉకేలకే. పక్కనే ఇంకొకరు పరుగెత్తుతుంటారు కాబట్టి, మామూలు క్లాసులోలా తీరిగ్గా దొర్లి, చొక్కా సర్దుకుని లేవడం కుదరదు.

మొదట అందరూ ఒకేసారి మ్యాట్ మీద ఇష్టం వచ్చిన దిక్కుకు నడవండి. శిక్షకుడు చప్పట్లు కొట్టగానే ఖాళీ చోటు చూసుకుని దొర్లి, లేచి, మళ్లీ నడవాలి. దొర్లడానికి ముందు చోటు చూసుకోవడమే ఇక్కడ అసలు పాఠం. రెండు నిమిషాలు చేస్తే చాలు, ఎవరు కళ్లు మూసుకుని దొర్లుతున్నారో తెలిసిపోతుంది.

తర్వాత చిన్న వృత్తంలో పడటం సాధన చేయండి. పొడుగ్గా కాళ్లు చాపి పడితే పక్కవాళ్లు మీ కాలి మీద కాలు వేస్తారు. మోకాళ్లు ముడుచుకుని, గడ్డం ఛాతీకి ఆనించి పడాలి. లేచేటప్పుడు ముఖం నాగే వైపే ఉండాలి.

4. చేతులు వాడకుండా నడక

అసలు విషయం ఇక్కడే ఉంది. నిజానికి రందోరిలో పనికొచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఈ మెట్టులోనే నేర్చుకోవచ్చు. జనం మాత్రం దీన్ని వార్మప్ అనుకుని దాటేస్తారు.

మొదటి వారం: ఒక నాగే, ఇద్దరు ఉకేలు. ఉకేలు రెండు చేతులూ ముందుకు చాపి, నాగే భుజాలు తాకడానికి మామూలు నడకతో వస్తారు. నాగే ఎవరినీ తాకకూడదు, పరుగెత్తకూడదు. 30 సెకన్లు భుజం తగలకుండా ఉంటే చాలు.

మొదటి రౌండ్లో అందరూ చేసేది ఒకటే. వెనక్కి నడుస్తారు. నాలుగు అడుగులు వేయగానే గోడ తగులుతుంది. వెనక్కి వెళ్లేవాడికి ఎదురుగా వచ్చే ఇద్దరూ ఎప్పుడూ ఎదురుగానే ఉంటారు, పైగా వాళ్లు ముందుకు నడిచే వేగం మన వెనకడుగు వేగం కంటే ఎక్కువ. కాబట్టి ఎదురు వెళ్లాలి. ఇద్దరిలో మీకు దగ్గరగా ఉన్నవారిని ఎంచుకుని, వారి బయటి భుజం పక్క నుంచి దాటి వెళ్లండి. ఇద్దరి మధ్యలోంచి మాత్రం వద్దు.

దాటిన వెంటనే తెన్‌కాన్‌తో తిరగండి. ఇప్పుడు మీరు, మీరు దాటిన ఉకే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తుంటారు. రెండోవారు ఎక్కడున్నారో మీకు కనిపిస్తుంది. మొదటివారు మిమ్మల్ని చూడాలంటే వెనక్కి తిరగాలి. ఆ తిరిగే క్షణమే మీకు దొరికే సమయం.

రెండో వారం మూడో ఉకేను కలపండి. మూడో వారం నడకను కొంచెం వేగం చేయండి. ఈ మెట్టులో చూసుకోవాల్సినవి:

- చూపు ఎవరో ఒకరి ముఖం మీద నిలవకూడదు. అందరి ఛాతీ ఎత్తులో వెడల్పుగా ఉండాలి.
- చేతులు ఛాతీ ఎత్తులో, మోచేతులు కొద్దిగా వంచి ముందుకు ఉండాలి. కిందికి వేలాడకూడదు.
- అడుగులు చిన్నవి. పాదాలు ఒకదానికొకటి అడ్డం పడకూడదు.
- ఒక్కచోట నిలబడి ఊపిరి తీసుకోవడం ఉండదు. నడుస్తూనే తీసుకోవాలి.

5. వాళ్లను ఒకే వరుసలోకి తేవడం

ముగ్గురు మిమ్మల్ని త్రిభుజంలా చుట్టుముడితే ముగ్గురితో తలపడాలి. ఆ ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నిలబడేలా చేస్తే ఆ క్షణానికి ఒక్కరితోనే పని. ఈ ఒక్క ముక్క కాళ్లకు అర్థమైతే మిగతాదంతా తేలిక.

ముగ్గురినీ మూడు మూలల్లో నిలబెట్టండి, మీరు మధ్యలో ఉండండి. శిక్షకుడు సైగ చేయగానే మధ్యలోంచి బయటపడాలి. ఎవరో ఒకరికి నేరుగా ఎదురు వెళ్తే మిగతా ఇద్దరూ రెండు పక్కల నుంచి మూసేస్తారు. ఒకరిని ఎంచుకుని వారి బయటి వైపుకు ఏటవాలుగా వెళ్లండి. రెండు మూడు అడుగుల్లో ఆ ఉకే శరీరం మీకూ మిగతా ఇద్దరికీ మధ్య అడ్డుగోడ అవుతుంది.

అక్కడ ఆగిపోతే వరుస మళ్లీ విడిపోతుంది. వెనకున్నవాళ్లు ఏ వైపు నుంచి చుట్టి వస్తున్నారో చూసి, మీరు రెండో వైపుకు జరగాలి. ఈ డ్రిల్‌లో లెక్కపెట్టాల్సింది ఒకటే: రౌండ్ మొత్తంలో ఎన్నిసార్లు ఇద్దరి చేతులు ఒకేసారి మీకు అందేంత దగ్గరికి వచ్చాయి? బయటి నుంచి చూసేవారు లెక్కపెట్టి చెప్పాలి. ఆ అంకె తగ్గుతూ రావాలి.

6. మొదటి స్పర్శ: పడేయకుండా పంపించడం

ఇప్పుడు చేతులకు పని. త్రో మాత్రం ఇంకా వద్దు. ఉకే భుజం పట్టుకోవడానికి రాగానే బయటికి జరిగి, ఒక అరచేయి వారి మోచేతి మీద, రెండోది భుజం వెనక పెట్టి, వాళ్లు వస్తున్న దిక్కులోనే ఇంకాస్త ముందుకు పంపించండి. ఎదురు తోయకండి. వాళ్ల వేగానికి మీ అడుగు కలిస్తే చాలు, మూడు నాలుగు అడుగులు తూలుతారు.

ఎక్కడికి పంపిస్తున్నారన్నది ముఖ్యం. తర్వాత వచ్చే ఉకే దారిలోకి పంపితే, వారు చుట్టి రావాలి. మీకు రెండు సెకన్లు దొరుకుతాయి. నిలబడి ఉన్న మనిషిని ఇలా ఇంకొకరి దారిలోకి పంపించడం సాధనలో సురక్షితమే. పడిపోతున్న మనిషిని ఇంకొకరి కాళ్ల మీదికి విసరడం కాదు. పక్క నుంచి బరువు మోకాలి మీద పడితే లిగమెంట్ పోతుంది. అందుకే త్రోలన్నీ ఖాళీ చోటు వైపే.

7. త్రోలు: మూడు చాలు

చేయి తగిలిన దగ్గర నుంచి వదిలేదాకా ఒక్క శ్వాస. అంతకు మించి సమయం తీసుకునే టెక్నిక్ ఏదైనా రందోరిలో వద్దు. ఆ కొలత ప్రకారం మిగిలేవి ఇవి.

ఇరిమి-నాగే: పై నుంచి వచ్చే దెబ్బకు బాగా కుదురుతుంది. ఉకే వెనక పక్కకు దూరి, ఒక చేయి మెడ వెనక, రెండో చేయి గడ్డం ముందు నుంచి పైకి. మామూలు క్లాసులో చేసే పెద్ద చుట్టు ఇక్కడ వద్దు. దూరిన అడుగులోనే పని అయిపోవాలి.

కోక్యూ-నాగే: రెండు భుజాలూ పట్టుకోవడానికి పరుగెత్తుకొచ్చేవారికి. చేయి అందే చివరి క్షణంలో నడుము కిందికి దించి పక్కకు తిరిగితే, వాళ్ల వేగమే వాళ్లను ముందుకు దొర్లిస్తుంది. మోకాలు మాత్రం నేలకు ఆనించకండి. లేవడానికి పట్టే సమయంలో తర్వాతివారు మీద పడతారు.

కైతెన్-నాగే: ఉకే తల కిందికి వంగినప్పుడు. వారి చేతిని నిలువుగా పైకి ఎత్తితే భుజం కీలు దెబ్బతింటుంది. ముందుకు, ఉకే దొర్లే దిక్కుకు తోయాలి. మనిషిని దూరంగా పంపించడంలో దీన్ని మించినది లేదు.

పక్కన పెట్టాల్సినవీ చెప్పాలి. షిహో-నాగే (ఉకే చేతిని భుజం వెనక్కి మడిచి పడేసే త్రో) వద్దు. అందులో ఉకే తల వెనక్కి నేలకు కొట్టుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, హడావిడిలో అది ఇంకా పెరుగుతుంది. కోషి-నాగే వద్దు, నడుము మీద మోసేటప్పుడు మీరు కదలలేరు. కోతె-గాయెషి (మణికట్టును బయటికి మెలిపెట్టి పడేసే త్రో) అనుభవమున్న ఉకేలతో మాత్రమే. పడటానికి చోటు లేనప్పుడు మణికట్టు మెలి పడితే ఎముకకే ముప్పు. ఇక నేల మీద అదిమిపట్టే పిన్‌లు ఒక్కటి కూడా వద్దు. మీ రెండు చేతులు, రెండు మోకాళ్లు ఒకరికే ఇచ్చేసి మిగతావాళ్లకు వీపు అప్పగించినట్టు అవుతుంది.

ఇక్క్యో (ఉకే చేతిని మోచేతి దగ్గర అదుపు చేసి కిందికి దించే టెక్నిక్) గురించి అడుగుతుంటారు. కింద పడేసి పట్టుకోవడానికి కాదు గానీ, ఉకే చేతిని పట్టుకుని రెండడుగులు అతన్ని మీకు, తర్వాతివారికి మధ్య తిప్పడానికి బాగుంటుంది.

8. ఇద్దరు చెరో చేయి పట్టుకుంటే

దీన్ని ఫుతారి-దోరి అంటారు. చెరో పక్క నిలబడి, ఒక్కొక్కరు రెండు చేతులతో మీ ఒక ముంజేతిని పట్టుకుంటారు. అప్పుడు చేయి లాక్కోవాలనిపిస్తుంది. కానీ పక్కలకు లాగేటప్పుడే వాళ్లకు బలం ఎక్కువ, మీకు తక్కువ.

1. వేళ్లు విప్పండి. భుజాలు వదులు చేయండి. మోచేతులు కిందికి దించండి.
2. నడుము కొద్దిగా దించి ఒక అడుగు ముందుకు వేయండి. రెండు చేతులూ మీ బొడ్డు ముందుకు వస్తాయి. చేతులు లాగకండి, మీ శరీరమే చేతుల వెనక్కి వెళ్లాలి.
3. ఉకేలిద్దరూ ఒకరికొకరు దగ్గరవుతారు. ఇక్కడ తెన్‌కాన్‌తో తిరిగితే ఒకరు ఇంకొకరి ముందుకు అడ్డం వస్తారు.
4. కత్తి ఎత్తినట్టు రెండు చేతులూ నుదుటి దాకా ఎత్తండి. ఊపిరి వదులుతూ ముందుకు కోసినట్టు దించండి.
5. పట్టు వదలగానే బయటికి నడవండి. పడ్డారా లేదా అని నిలబడి చూడకండి.

మూడో అంకె దగ్గర ఇరుక్కుంటే, దాదాపు ఎప్పుడూ కారణం రెండో అంకెలోనే ఉంటుంది. చేతులు ఇంకా పక్కలకే ఉన్నాయన్నమాట. మళ్లీ మొదటినుంచి, నెమ్మదిగా.

9. అసలు రందోరి

క్రమం ఇలా ఉండాలి: ఇద్దరు ఉకేలు, నడక వేగం, భుజాలు పట్టుకునే దాడి ఒక్కటే. అది కుదిరాక ముగ్గురు. ఆ తర్వాత పై నుంచి కొట్టే షోమెన్-ఉచి కలపండి. తర్వాత వేగం. చివరికి ఏ దాడైనా సరే. సంఖ్య, వేగం, దాడి రకం, ఈ మూడింటిలో ఒక రోజు ఒక్కటే మార్చండి.

రౌండ్ 30 సెకన్లు. బాగా అలవాటైనవాళ్లు 45 దాకా వెళ్లొచ్చు. చూసేవాళ్లకు తక్కువే అనిపిస్తుంది, మధ్యలో ఉన్నవాళ్లను అడగండి. ఆయాసంతో చేసే త్రోలే ఉకేలకు దెబ్బలు తెస్తాయి. కాబట్టి ఒకరు చేశాక ఇంకొకరు నాగే అవుతూ, మధ్యలో రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకోండి.

10. ఉకేలు నేర్చుకోవాల్సింది

చెడ్డ ఉకేలతో మంచి రందోరి జరగదు. వరుసలో నిలబడి "నా వంతు ఎప్పుడొస్తుంది" అన్నట్టు ఒక్కొక్కరుగా వచ్చే ఉకేలతో ఫొటోలు బాగా వస్తాయి, నాగేకు వచ్చేదేం లేదు. ముందువారు పడ్డారా లేదా అని చూడకుండా రావాలి.

తాకకముందే పడిపోకండి. అలాగని పడాల్సినప్పుడు మొండిగా బిగుసుకోకండి, మణికట్టు విరగొచ్చు. నాగే మిమ్మల్ని చూడకుండా నిలబడి ఉంటే వెనక నుంచి భుజాలు పట్టేసుకోండి. అది మీరు చేసే మేలే.

11. తరచూ చేసే తప్పులు, సరిచేసే దారులు

*ఒక్కరి మీదే సమయం గడిచిపోవడం.* త్రో సరిగా పడలేదని మళ్లీ ప్రయత్నిస్తారు. ఈలోగా వెనక నుంచి ఇద్దరు. దీనికి మందు: ఒక వారం రోజులు త్రో పూర్తిగా నిషేధించి, 6వ మెట్టు స్పర్శతోనే రందోరి చేయించండి.

*టెన్షన్‌లో ఊపిరి బిగబట్టడం.* పది సెకన్లకే ముఖం ఎర్రబడుతుంది. ప్రతి స్పర్శకు గట్టిగా ఊపిరి వదలమనండి. శబ్దం బయటికి వినపడాలి.

*పట్టుకున్న చేతిని చూడటం.* మణికట్టు ఎవరైనా పట్టుకోగానే తల కిందికి వంగిపోతుంది. ఆ చేయి ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది కదా, చూపు తర్వాతివారి మీద ఉండాలి. మూడో మనిషి దూరంగా నిలబడి వేళ్లు చూపిస్తూ, "ఎన్ని వేళ్లు?" అని అడిగితే అలవాటు తొందరగా పోతుంది.

*గుండ్రంగా తిరుగుతూ పోవడం.* తెన్‌కాన్ బాగా వచ్చినవాళ్లకు ఈ జబ్బు. అందంగా తిరుగుతారు, కానీ మధ్యలోంచి బయటికి రారు. ప్రతి తెన్‌కాన్ తర్వాత రెండు ఇరిమి అడుగులు తప్పనిసరి చేయండి.

*కోపం.* ఎవరి చేయో మూతికి తగులుతుంది, తర్వాతి త్రో గట్టిగా పడుతుంది. ఆ రౌండ్ అక్కడే ఆపేయాలి. సర్దిచెప్పుకుంటూ కొనసాగించకండి.

12. డోజో బయట

డోజోలో నున్నటి మ్యాట్ ఉంటుంది, ఉకేలకు నియమాలు తెలుసు, ఎవరి దగ్గరా ఆయుధాలు ఉండవు. రోడ్డు మీద ఈ మూడింటిలో దేనికీ హామీ లేదు. కాబట్టి ఆత్మరక్షణ కోసం చేసేవాళ్లు రందోరి ముగింపు మార్చుకోవాలి. అందరినీ పడేయడం కాదు, తలుపు చేరడం. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఎదుటి జట్టును మొత్తం అవుట్ చేయాలని చూడడు, గీత దాటి వెనక్కి రావాలని చూస్తాడు. అలా అన్నమాట.

డ్రిల్ ఇది. హాలు ఒక మూలను "తలుపు" అనుకోండి. నాగే ఎదుటి మూలలో మొదలుపెట్టాలి. ముగ్గురు ఉకేలు. తలుపు చేరితే రౌండ్ అయిపోయినట్టే. ఒక్క త్రో కూడా చేయకుండా చేరితే ఇంకా మంచిది. కొన్నిసార్లు బూట్లు, చెప్పులు వేసుకుని, జీన్స్‌లోనో చుడీదార్‌లోనో నడక డ్రిల్ మాత్రం బయట గడ్డి మీద చేసి చూడండి. చెప్పులతో తెన్‌కాన్ ఎంత ఇబ్బందో అప్పుడే తెలుస్తుంది.

ఫోనో పర్సో అడిగితే ఇచ్చేయండి. కత్తి కనిపిస్తే పరుగే, దారి ఉన్నంతవరకు.

చట్టం సంగతీ తెలుసుకుని ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. కాపాడుకోవడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతుంది. మీరు పడేసినవారు లేవలేని స్థితిలో ఉండగా వెళ్లి తన్నితే, అప్పటిదాకా మీకున్న రక్షణ పోవచ్చు.

అందుకే తలుపు డ్రిల్ చివర ఇంకో రెండు పనులు కలపండి. బయటపడ్డ నాగే చేతులు తెరిచి పైకెత్తి, చుట్టుపక్కలవాళ్లకు వినపడేలా "ఆగండి, వదిలేయండి" అని గట్టిగా అరవాలి. తర్వాత ఫోన్ తీసి 112కు చేసినట్టు నటిస్తూ, ఎక్కడున్నారో, ఎంతమంది ఉన్నారో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఆయాసపడుతూ అడ్రస్ స్పష్టంగా చెప్పడం ఎంత కష్టమో మొదటిసారే అర్థమవుతుంది. దాన్ని కూడా వేరే టెక్నిక్‌లాగే పదేపదే చేయించండి.